తెల్లనివన్నీ పాలు కావు

ముఖం తెల్లబడే సీరం ఇంట్లోనే తయారుచేసుకోవచ్చన్న మాట ఇప్పుడు మన ఆశ్రమ పాఠశాలల డార్మిటరీల దాకా వచ్చింది. విటమిన్ సి మాత్రలు నూరాలట. రోజ్‌వాటర్‌లో కలపాలట. రెండు చుక్కల గ్లిజరిన్, కాస్త కలబంద గుజ్జు వేసి, ఒక విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి, ఖాళీ మందు సీసాలో పోసుకుని రోజూ రాత్రి రాసుకుంటే వారానికల్లా రంగు తేలుతుందట. మాత్రలు దొరకనిచోట నిమ్మరసం, వంటసోడా. దానితోనూ పని కాకపోతే సంతలో దొరికే క్రీము ట్యూబు ఒకటి అందులో కలపడం. ఫోన్లో ఒకరు చూసి చెబితే గదిలో పదిమంది చేస్తున్నారు. ఆడపిల్లలే కాదు, ఇంటర్, డిగ్రీ చదివే మన తమ్ముళ్లూ చేస్తున్నారు.

"వయసు పిల్లలు, సరదా పడతారు, పోనీలే" అనేవాళ్లున్నారు. పోనివ్వడానికి వీల్లేదని మేమంటాం. ఆ సీసా మన చర్మానికి చేసే మేలు లేదు, చేసే కీడు చాలా ఉంది. పిల్లలకు బుద్ధి లేక ఆ సీసా పట్టుకున్నారని అనుకుంటే మాత్రం మనం దారి తప్పినట్టే. మనిషిని రంగుతో తూచే బడి, పెళ్లిచూపులు, సినిమా, వ్యాపారం కలిసి దాన్ని వాళ్ల చేతిలో పెట్టాయి. సంతలో దొంగ తూకాన్ని పట్టుకోవడం మన తాతల కాలం నుంచి నేర్చుకుంటూ వచ్చాం. ఈ రంగు తూకం అంతకన్నా పెద్ద దొంగ తూకం. దాన్ని పట్టుకోకుండా పిల్లల్ని తిట్టి లాభం లేదు.

సీసాలో ఉన్నదేమిటి?

ముందు లెక్క చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్కే ఇది. చర్మం మీద పనిచేయాలంటే సీరంలో విటమిన్ సి సాధారణంగా నూటికి 10 నుంచి 20 పాళ్లు ఉండాలి. మందుల షాపులో దొరికే చప్పరించే మాత్రలో ఉండేది 500 మిల్లీగ్రాములు. ఒక మాత్రను 50 మిల్లీలీటర్ల రోజ్‌వాటర్‌లో కలిపితే వచ్చేది నూటికి ఒక్క పాలు. పది పాళ్లు రావాలంటే అదే నీటిలో పది మాత్రలు వేయాలి. మాత్రలో విటమిన్ ఒక్కటే ఉండదు కదా. చక్కెర ఉంటుంది, రంగు ఉంటుంది, నారింజ వాసన ఉంటుంది, మాత్ర విరగకుండా పట్టి ఉంచే పిండి ఉంటుంది. పది మాత్రల పానకం ముఖానికి పూసుకుంటే సంతోషించేవి చీమలే.

పోనీ ఆ విటమిన్ అయినా లోపలికి దిగుతుందా? దిగాలంటే ద్రావణం పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండాలి. మరీ తగ్గితే చర్మం మండుతుంది. మన బడిలో ఉన్న లిట్మస్ కాగితం ఆమ్లమా, క్షారమా అని చెబుతుంది గాని, రెండా మూడున్నరా అని చెప్పదు. మీటరు పెట్టి కొలవవలసినదాన్ని చెంచాతో కొలుస్తున్నాం.

నీటిలో కలిసిన విటమిన్ సి గాలికీ, వెలుతురుకీ, వేడికీ నిలవదు. కోసిన వంకాయ ముక్క గాలికి రంగు తిరిగినట్టు, అది ముందు పసుపుపచ్చగా, తర్వాత గోధుమ రంగుగా మారుతుంది. అంటే చెడిపోయిందని అర్థం. రంగు తిరిగితే బాగా ఊరిందనుకుని ఇంకాస్త ఎక్కువ రాసుకునే పిల్లలున్నారు. ఇక విటమిన్ ఇ నూనెలో కరిగేది. నూనె, నీరు కలవవని మనం పాఠం చెబుతాం. రెంటినీ కలిపి పట్టి ఉంచే పదార్థం లేకపోతే ఎంత గిలకొట్టినా నూనె పైకి తేలుతుంది. ఒకరోజు నూనె, ఒకరోజు చక్కెర నీళ్లు ముఖానికి తగులుతాయి.

అన్నిటికన్నా ప్రమాదం కంటికి కనపడదు. కలబంద గుజ్జులో దాదాపు అంతా నీరే. నీరు, చక్కెర, డార్మిటరీ వేడి, పదిమంది వేళ్లు ముంచిన సీసా. సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. కంపెనీలు ప్రిజర్వేటివ్ వేసేది అందుకే. మన సీసాలో అదీ లేదు, బడిలో ఫ్రిజ్జూ లేదు. మొటిమ గిల్లుకున్న ముఖం మీద ఆ నీళ్లు పడితే చీము పడుతుంది.

నిమ్మరసం సంగతి ఇంకా దారుణం. చర్మం పీహెచ్ అయిదుకు అటూ ఇటూగా ఉంటుంది. నిమ్మరసానిది రెండు. పీహెచ్‌లో ఒక్క మెట్టు దిగితే ఆమ్లం పదింతలు అవుతుంది. మూడు మెట్లు దిగితే వెయ్యింతలు. పైగా నిమ్మలో, ముఖ్యంగా దాని తొక్కలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. బొబ్బలు లేస్తాయి. మానిన చోట నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. మన పిల్లలు ఎండలో నడిచి బడికి వచ్చేవాళ్లు, సెలవుల్లో పోడులో పనిచేసేవాళ్లు. రాత్రి నిమ్మరసం, పగలు ఎండ. తెల్లబడాలని రాసుకున్నది నల్లమచ్చలు మిగులుస్తుంది. తర్వాత ఆ మచ్చలకు మళ్లీ ఇంకో సీసా. వంటసోడా దీనికి ఎదురు వైపు నుంచి చేసే కీడు. అది క్షారం. చర్మం మీద సహజంగా ఉండే పలచని ఆమ్లపు పొరను చెరిపేస్తుంది. ఆ పొర పోతే చర్మం పొడిబారుతుంది, పగులుతుంది, దురద పెడుతుంది.

"ప్రకృతి సిద్ధమైనవే కదా, ఇంట్లో చేసుకున్నవే కదా, హాని ఏముంటుంది?" అని అడుగుతారు. ఈ మాట పట్నంవాళ్లు అంటే అర్థం చేసుకోవచ్చు. అడవిలో పుట్టినవాళ్లం మనం అనవచ్చా? నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముష్టి గింజ, ఉమ్మెత్త కాయ ప్రకృతి సిద్ధమైనవే. ఏది ఎంత, దేనికి, ఎప్పుడు అన్న ఎరుక లేకుండా ఆకు ముట్టుకోవద్దని మన పెద్దలు చెప్పారు. కాళ్ల పగుళ్లకు ఇప్పనూనె రాశారు. గజ్జికి కానుగ నూనె రాశారు. దెబ్బకు పసుపు పెట్టారు. చర్మాన్ని కాపాడుకోవడం వాళ్లకు తెలుసు. మార్చుకోవడమన్న ఆలోచన అందులో లేదు.

నలుపు జబ్బు కాదు

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవారిలోనూ, నల్లవారిలోనూ లెక్కకు ఇంచుమించు సమానమే. మనలో అవి ఎక్కువ మెలనిన్ తయారుచేస్తాయి, అంతే తేడా. ఆ మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. తరతరాలుగా ఎండలో బతికిన మనుషులకు ప్రకృతి వేసిన గొడుగు అది. తెల్లచర్మం వాళ్లు ఎండకు కందిపోయి, చర్మ క్యాన్సర్లకు భయపడి డబ్బు పెట్టి సన్‌స్క్రీన్ కొనుక్కుంటుంటే, మనం పుట్టుకతో వచ్చిన గొడుగును రుద్ది రుద్ది చింపుకోవాలని చూస్తున్నాం.

పుట్టుకతో వచ్చిన రంగును ఏ సీరమూ మార్చలేదు. మచ్చలకూ, మంగుకూ వైద్యం ఉంది. దాన్ని చర్మ వైద్యులు చూసి చేయాలి. జన్మరంగు రోగం కాదు గనుక దానికి మందు లేదు.

ఉపాధ్యాయ మిత్రులు ఇక్కడ ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. రక్తం తగ్గిన పిల్ల పాలిపోతుంది. చూసినవాళ్లు "రంగొచ్చింది, తేటపడింది" అని మెచ్చుకుంటారు. సికిల్ సెల్, రక్తహీనత మన ఏజెన్సీల్లో ఎంత ఉన్నాయో మనకు తెలియనిది కాదు. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ఒక జాతీయ కార్యక్రమాన్నే మొదలుపెట్టింది. పిల్ల "తెల్లబడితే" ముందు కింది కనురెప్ప లోపలి వైపు చూడండి, అరచేయి, నాలుక చూడండి. అవి పాలిపోయి ఉంటే ఏఎన్‌ఎంను పిలవండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మెచ్చుకుని ఊరుకుంటే ఒక జబ్బును అందమని పిలిచినట్టు అవుతుంది.

ట్యూబు తెచ్చే చేటు

ఇంటి సీరం పనిచేయదని పది రోజుల్లో పిల్లలకే తెలుస్తుంది. ఆ తర్వాతే అసలు ప్రమాదం మొదలవుతుంది. "ఈ ట్యూబు కాస్త కలుపు, పనిచేస్తుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. అది నిజంగానే పనిచేసినట్టు కనపడుతుంది, ఎందుకంటే వాటిలో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి. ఇవి గజ్జి, తామరకు కూడా తెలిసీ తెలియక ఇచ్చే మందులే. ముఖానికి రాస్తే మొదటి వారాల్లో చర్మం తేటపడుతుంది. నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలతాయి, మొటిమలు పొక్కుతాయి, ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట. మంట తట్టుకోలేక మళ్లీ రాయడం. సారాకు అలవాటుపడిన మనిషిని మనం చూశాం. ఇదీ అలాంటి ఉచ్చే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన సంతల్లో చీటీ అడిగే దుకాణాలు ఎన్ని?

కొన్ని ట్యూబుల్లో హైడ్రోక్వినోన్ కలిసి ఉంటుంది. వైద్యుడు కొద్దికాలానికి రాయవలసిన మందు అది. ఏళ్ల తరబడి వాడితే చర్మం నీలినలుపుకు తిరిగి, ఆ మచ్చ ఇక పోదు. పేరూ ఊరూ లేని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మెలనిన్ తయారీని ఆపుతుంది, చర్మం గుండా ఒంట్లోకి పోయి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వరసగా వచ్చిన రోగులను పరిశీలించిన వైద్యులు, వాళ్లలో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లేనని 2023లో బయటపెట్టారు. మన ఊరి నుంచి డయాలసిస్ కేంద్రం ఎంత దూరమో లెక్క వేసుకుని ఆ ట్యూబు మూత తీయండి.

ఈ తూకం ఎవరిది?

నలుపు తక్కువన్న మాట తెల్లదొరలతోనే మొదలైందని మేమనం. అంతకుముందూ ఉంది. కాని దొరలు దానికి శాస్త్రం అన్న ముసుగు తొడిగారు. 1901 జనాభా లెక్కలు తీయించిన రిస్లీ, ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ మనిషి స్థాయి తగ్గుతుందని సిద్ధాంతం చేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ ఊరూరా మనుషుల తలలు, ముక్కులు కొలిపించాడు. 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మన తాతలను బతికున్న మనుషులుగా చూడలేదు, కొలతలుగా చూశారు. ఆ శాస్త్రం అబద్ధమని ఎప్పుడో తేలిపోయింది. కొలబద్ద మాత్రం చేతులు మారింది.

1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. నల్లగా ఉన్న పిల్లకు ఉద్యోగం రాదు, పెళ్లి కాదు, క్రీము రాసుకోగానే రెండూ వస్తాయి. దశాబ్దాల పాటు టీవీలో ఇదే కథ. నల్లగా ఉన్నవారిని దిగులుగా, తక్కువవారిగా చూపించకూడదని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ 2014లో మార్గదర్శకాలు పెట్టవలసి వచ్చింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది, "వైటెనింగ్" పోయి "బ్రైటెనింగ్" వచ్చింది. సీసా మీద మాట మారింది గాని, అద్దం ముందు నిలబడిన పిల్ల గుండెలో గుచ్చుకునే ముల్లు అదే. ఇప్పుడు వ్యాపారికి క్రీము అమ్మవలసిన పని కూడా లేదు. "నువ్వే తయారుచేసుకో" అని వీడియో పెడితే చాలు, చూసినవాళ్ల లెక్కకు డబ్బు వస్తుంది. మనం ఏరి అమ్మిన తేనె, కుంకుడుకాయ, శీకాయ "హెర్బల్" అన్న పేరుతో సీసాల్లో తిరిగొస్తాయి. మన చెట్టు సరుకుకు విలువ ఉంది, ఆ చెట్టు కింద నిలబడిన పిల్ల రంగుకు లేదు!

సినిమాలో అడవి పిల్ల పాత్ర వస్తే తెల్లని నటిని తెచ్చి నల్లరంగు పూస్తారు. నలుపు వేషానికి పనికొస్తుంది, నల్లపిల్ల పనికిరాదు. ఈ లోకంలోనే సాయి పల్లవి ఒక ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదన్నది. రెండు కోట్లు వదులుకుందని 2019లో పత్రికలు రాశాయి. ఆమె పుట్టింది నీలగిరి కొండల్లోని కోటగిరిలో. కాదనడం సాధ్యమేనని మన పిల్లలకు చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఇక బడుల సంగతి. అధికారి వస్తే పూలగుచ్ఛం ఇవ్వడానికి ఏ పిల్లను నిలబెడుతున్నారు? ప్రార్థనలో ముందు వరసలో ఎవరు? నాటకంలో దేవత వేషం ఎవరికి, రాక్షసి వేషం ఎవరికి? కొందరు అయ్యవార్లు పిల్లను పేరు పెట్టి పిలవడం మాని "ఏయ్ నల్లదానా" అంటారు, ముద్దుకే అన్నామంటారు. ఆ ముద్దు మాటే రాత్రికి నిమ్మకాయ కోయిస్తుంది. మన ఇళ్లూ తక్కువ తినలేదు. ఉద్యోగం వచ్చిన మన కుర్రాడికి పిల్లను చూడటానికి వెళితే "ఎర్రగా ఉందా?" అన్నది మొదటి ప్రశ్న అయింది. మైదానం నుంచి మనం తెచ్చుకున్న కట్నం, రంగు పట్టింపు ఒకే బుట్టలో వచ్చాయి.

"అందంగా ఉండాలనుకోవడం పిల్లల ఇష్టం, మీరెవరు కాదనడానికి?" అని అడిగే యువతకు ఒక మాట. తలకు నూనె పెట్టుకోండి, పూలు పెట్టుకోండి, నచ్చిన బట్ట కట్టుకోండి. ఎవరూ కాదనరు. కాని "నేను నాలా ఉంటే తక్కువ" అన్న భయం నుంచి పుట్టినదాన్ని ఇష్టం అనకండి. రంగు అడగని లోకంలో కూడా ఆ సీసా పట్టుకుంటారా? పట్టుకోరు. అయితే అది మీ ఇష్టం కాదు, మీ మీద ఎవరో రుద్దినది.

తెలుగు భాషనే చూడండి. నల్లధనం, నల్లబజారు అని నలుపును నిందించిన ఆ భాషే, అయోమయంలో పడినవాణ్ణి తెల్లమొహం వేశాడంటుంది, సిగ్గుపడినవాణ్ణి తెల్లబోయాడంటుంది. పంట పండే నేలను నల్లరేగడి అంటుంది. చెంచులను కన్న అడవి పేరు నల్లమల. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునేవాణ్ణి అమాయకుడని వెక్కిరించేదీ తెలుగు సామెతే.

చేయవలసినవి

తోటి ఉపాధ్యాయులారా, సీసాలు లాక్కుని పిల్లల ముందు పారబోయకండి. అవమానం వల్ల పుట్టిన రోగానికి ఇంకో అవమానం మందు కాదు. ఆ సీసానే పాఠం చేయండి. శాతాల లెక్క దానితోనే చెప్పండి. ఒక సీసాను కిటికీలో పది రోజులు పెట్టి రంగు ఎలా తిరుగుతుందో పిల్లలతోనే రాయించండి. ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవడం నేర్పండి. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతున్న పిల్ల ఉంటే మీరే ఆపించకండి, పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఆపితే మంట, పొక్కులు వస్తాయి. ప్రభుత్వం ఇచ్చే కాస్మొటిక్ ఛార్జీలు సబ్బుకు, నూనెకు, నెలసరి గుడ్డలకు. ఆ డబ్బు ట్యూబులకు పోతోందంటే దానిమీద గదిలో కూర్చుని మాట్లాడండి. మందుల షాపువాడు చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మితే ఊరి పెద్దలు, యువజన సంఘాలు కలిసి డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

తమ్ముళ్లారా, పెళ్లిచూపులకు వెళ్లేది మీరు. "ఎర్రగా ఉందా?" అన్న ప్రశ్న మీ ఇంట్లో పుడితే అక్కడే ఆపవలసింది మీరే. చెల్లెళ్లారా, మీ రంగు గురించి మాట అన్నవాడికి జవాబు మీ ముఖం మీద రాయకండి, వాడి ముఖం మీదే చెప్పండి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ప్రతి ఏజెన్సీ మండలంలో జరుగుతుంది. అతిథులు వస్తారు, ఆత్మగౌరవం గురించి మాట్లాడతారు. ఈసారి వేదిక మీద పూలగుచ్ఛం పట్టుకుని ముందు నిలబడే పిల్లను రంగు చూసి ఎంచకండి. తరగతిలో హాజరు పట్టీ తీయండి, వరసలో ఎవరి పేరు వస్తే ఆ పిల్లను పిలవండి.